50 వేల బడ్జెట్, పాత థార్: ఎంత లేపాలి, ఎలా లేపాలి?

ప్రశ్న అడిగిన తమ్ముడిది చిత్తూరు. 2016 మోడల్ మహీంద్రా థార్ జీపు, సీఆర్‌డీఈ డీజిల్ ఇంజనుది, సెకండ్ హ్యాండులో తీసుకున్నాడు. బంగారుపాళెం పక్కన మామిడి తోట ఉంది. తోటకు పోయేది మట్టి బాట, మధ్యలో ఒక వంక. వానలు పడ్డాక ట్రాక్టర్లు తిరిగి గాడులు పడితే బండి అడుగు తగులుతోందట. సెలవుల్లో స్నేహితులతో గుట్టల దారులు పట్టాలనీ ఉందట. చేతిలో 50 వేలు ఉన్నాయి. 3 అంగుళాల లిఫ్ట్ చేసి, అంటే సస్పెన్షన్ మార్చి బండిని అంత ఎత్తు లేపి, 33 అంగుళాల టైర్లు వెయ్యనా, స్పేసర్లతో (స్ప్రింగు మీద పెట్టే దిమ్మెలు) సరిపెట్టుకోనా, అన్నీ కలిపి అమ్మే లిఫ్ట్ కిట్టు కోసం ఆగనా, పని ఎక్కడ చేయించాలి అని అడిగాడు. అన్నా అని పిలిచాడు గనక నువ్వు అనే రాస్తున్నా.

ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత. 3 అంగుళాలు వద్దు, 33 టైర్లు అసలే వద్దు. వెనక కమాన్లు, అంటే పట్టీల స్ప్రింగులు, దించి కొట్టించు (కొట్టి వంపు పెంచడం), అంగుళం నుంచి అంగుళంన్నర దాకా లేపు. ముందువైపు టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) బోల్టు తిప్పి ఆ మేరకే, ఇంకా చెప్పాలంటే దానికన్నా రవంత తక్కువే ఎత్తు. నాలుగు షాకప్‌లూ (షాక్ అబ్జార్బర్లు), అరిగిన బుష్‌లూ (కీళ్లలోని రబ్బర్లు) కొత్తవి వెయ్యి. మిగిలిన డబ్బు టైర్లకు దాచిపెట్టు. ఇప్పుడున్న 235/70 ఆర్16 అరిగిపోయాక వాటి బదులు 245/75 ఆర్16 ఆల్ టెరెయిన్ (ఏటీ, రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు వెయ్యి. పని ఈ వరసలోనే జరగాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు, ముందు టైర్లు కొని, అవి రాసుకుంటున్నాయని లిఫ్ట్ కోసం మా షెడ్డుకు వస్తారు.

ఎందుకంటే లిఫ్ట్ చేస్తే నీ బండిలో ఏది పైకి లేస్తుందో, ఏది లేవదో తెలుసుకోవాలి. పాత థార్ సీఆర్‌డీఈలో ముందు చక్రాలది ఇండిపెండెంట్ సస్పెన్షన్, టార్షన్ బార్ మీద ఉంటుంది. వెనక మాత్రం ఒకే హౌసింగ్ (యాక్సిల్ తొడుగు), కమాన్ పట్టీల మీద కూర్చుంటుంది. వెనక కమాన్లు ఎంత లేపినా ఛాసిస్, బాడీ, ట్యాంకు పైకి పోతాయి గానీ హౌసింగ్ మధ్యలోని గుండు (డిఫరెన్షియల్) ఎక్కడుందో అక్కడే ఉంటుంది. అది చక్రం మధ్యకు బిగించిన వస్తువు, చక్రం పెద్దదైతేనే లేస్తుంది. కంపెనీ చెప్పే 200 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌కు వెనకవైపు హద్దు పెట్టేది ఆ గుండే. 3 అంగుళాలు లేపినా ఆ గుండు కింద క్లియరెన్స్ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు.

టైరు లెక్క చూడు. 235/70 ఆర్16 టైరు ఎత్తు దాదాపు 735 మిల్లీమీటర్లు. 245/75 ఆర్16 అయితే 774. తేడా 39, అందులో సగం యాక్సిల్ కింద దొరుకుతుంది, అంటే 19 మిల్లీమీటర్లు. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఆ 19 గుండు కింద నిజంగా వచ్చేవి. మీటరు 80 చూపిస్తే అసలు వేగం 84 దాకా ఉంటుంది, అది గుర్తుపెట్టుకుంటే చాలు. 33 అంగుళాల టైరుకు 51 మిల్లీమీటర్లు వస్తాయి, నిజమే. దానికోసం గార్డులు కోయాలి, బంపర్ కోయాలి, స్టీరింగ్ ఒత్తిడి భరించాలి, బ్రేకు దూరం పెరగడం ఒప్పుకోవాలి, 105 హార్స్‌పవర్ ఇంజను మీద గేరు బరువెక్కి మొగిలి ఘాట్‌లో మూడో గేరుకు దిగాలి. డిఫరెన్షియల్ గేర్లు మార్చకుండా 33 వేసుకున్నవాళ్లు లో రేంజ్‌లో (ఫోర్ వీల్ తక్కువ గేరులో) తప్ప సుఖపడటం నేను చూడలేదు.

ఇక నీ బాట సంగతి. ట్రాక్టరు చక్రాలు లోతుగా దిగి, మధ్యలో మట్టి కట్టలా లేచి ఉంటుంది. బండిని ఆ గాడుల్లోనే దించి నడిపితే నాలుగు చక్రాలూ కిందకు పోతాయి, గుండు పోయి మధ్య మిట్టను దున్నుతుంది. లిఫ్ట్ చేసినా అదే జరుగుతుంది. తేడా ఏమిటంటే, ఈసారి ఎత్తుగా కూర్చుని ఇరుక్కుంటావు. అక్కడ చెయ్యాల్సింది ఒక పక్క చక్రాలు మధ్య మిట్ట మీద, ఇంకో పక్కవి గాడి బయట గట్టు మీద పెట్టి నడపడం. బాట ఇరుకై అది కుదరకపోతే పారతో మిట్టను చెక్కేసుకోవాలి. నవ్వకు, వానాకాలంలో నా బండి వెనక పార ఎప్పుడూ ఉంటుంది. సస్పెన్షన్ మీద పెట్టే ఏ ఖర్చుకన్నా పార చవక.

మరి అంగుళంన్నర మాత్రం దేనికి అంటావు. నాలుగు లాభాలున్నాయి. వంక దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ముందు బంపరు, వెనక హుక్కు తగలవు. బండి నడుము గట్టు మీద పడదు. ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఆ పక్క అది నిజంగానే పైకి పోతుంది. 245/75 టైరు పూర్తిగా తిప్పినప్పుడు, గుంతలో దిగినప్పుడు గార్డుకు రాసుకోదు. నీ వాడకానికి ఇవి చాలు.

లేపకముందు కొలుచుకో. 2016 బండి అన్నావు, సెకండ్ హ్యాండు అన్నావు. ఇన్నేళ్లు బరువు మోసిన కమాన్లు కచ్చితంగా కుంగి ఉంటాయి. తిరుపతిలో నా దగ్గరికి లిఫ్ట్ కావాలని వచ్చే పాత థార్‌లలో చాలావాటికి అసలు కావాల్సింది పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడమే. చదునైన సిమెంటు నేల మీద బండి నిలిపి, చక్రం మధ్య నుంచి గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపు పెట్టి రాసుకో. ఎడమకూ కుడికీ అర అంగుళం మించి తేడా ఉంటే ఒక పక్క పట్టీ విరిగి ఉంటుంది, లేదా మెయిన్ పట్టీ వంగిపోయి ఉంటుంది. దాని సంగతి తేలేదాకా లిఫ్ట్ మాటే ఎత్తొద్దు.

కొలిచేటప్పుడు ఒక కిటుకు ఉంది. జాకీ దించిన వెంటనే ముందువైపు కొలిస్తే ఆ లెక్క తప్పుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో బండి లేచినప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, దించాక టైర్లు నేలను పట్టుకుని అలాగే ఉండిపోతాయి, బండి ఎత్తుగా కనిపిస్తుంది. రెండు మూడు మీటర్లు ముందుకీ వెనక్కీ కదిపి, బంపర్ పట్టుకుని నాలుగుసార్లు ఊపి, అప్పుడు టేపు పెట్టు. ఈ చిన్న పని చెయ్యకుండా బోల్టు తిప్పి, అబ్బో లేచింది అనుకుని ఇంటికి పోయి, మర్నాడు దిగిపోయిందని ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు.

వెనకవైపు. కమాన్లు లేపడానికి మన దగ్గర వాడుకలో ఉన్న దారులు మూడు: కొట్టించడం, ఒక పట్టీ అదనంగా పెట్టడం, షాకిల్ (కమాను కొసను ఛాసిస్‌కు వేలాడదీసే లింకు) పొడుగు చెయ్యడం. యాక్సిల్ మీద దిమ్మెలు పెట్టడం నాలుగోది. దిమ్మె ఎత్తయ్యేకొద్దీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హౌసింగ్ మెలి తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పెట్టిన దిమ్మెలు జారి యూ బోల్టులు (కమానును హౌసింగ్‌కు పట్టే బోల్టులు) వదులైన బండ్లు చూశాను. దాన్ని లెక్కలోంచి తీసేద్దాం. షాకిల్ అయితే రెండు అంగుళాలు పొడుగు చేస్తే వచ్చేది అంగుళం ఎత్తు, మిగతా అంగుళం మలుపుల్లో పక్కలకు ఊగడానికి. తిరుమల దిగే ఘాట్‌లో ఆ ఊగుడు బాగా తెలుస్తుంది. అదీ వద్దు.

పట్టీ పెట్టడం చెడ్డది కాదు, రోజూ బరువు వేసేవాళ్లకు. క్వారీలో తిరిగే క్యాంపర్ పికప్ ఒకదానికి అలాగే వేశాం, రాళ్లు నింపినప్పుడు బ్రహ్మాండంగా ఉంది. ఖాళీగా వచ్చేటప్పుడు మాత్రం వెనక చక్రాలు గుంతగుంతకూ ఎగురుతున్నాయని డ్రైవరు తిట్టుకున్నాడు. నీ థార్‌లో కోతల కాలంలో నాలుగు క్రేట్లు తప్ప మిగతా ఏడాదంతా మనుషులే కదా. కాబట్టి కొట్టించు.

కొట్టించడం అంటే ఏ వెల్డింగ్ షాపులోనో గ్యాస్ పెట్టి కాల్చి వంచడం కాదు. కాల్చిన పట్టీని మళ్లీ నూనెలో ముంచి, సరైన వేడి మీద పదును తెప్పించకపోతే కొద్ది నెలల్లో కూర్చుంటుంది, లేదా మధ్య బోల్టు రంధ్రం దగ్గర విరుగుతుంది. లారీ కమాన్ మేస్త్రీలు దిమ్మె మీద చల్లగానే సుత్తితో కొట్టి వంపు తెస్తారు. దెబ్బ దెబ్బకూ పక్కన నమూనా పట్టీ పెట్టి చూసుకుంటారు. అది కావాలి నీకు. కొట్టకముందు పట్టీలన్నీ విడదీయించి, వైరు బ్రష్షుతో తుప్పు గీయించి, కిరసనాయిలు పూసి గుడ్డతో బాగా తుడిచి, పైన తడి సున్నం పల్చగా రాయమను. ఆరాక చీలిక ఎక్కడుంటే అక్కడ కిరసనాయిలు ఊరి సన్నటి చెమ్మగీత బయటపడుతుంది. మెయిన్ పట్టీ మధ్య రంధ్రం చుట్టూ, చెవి మొదట్లో ముఖ్యంగా చూడు. గీత కనపడిన పట్టీ ఎంత బాగున్నా పారెయ్. కొత్తగా కొట్టిన కమాను మొదటి కొన్ని వారాల్లో పావు అంగుళం దాకా సర్దుకుంటుంది, ఆ మేరకు మేస్త్రికి ముందే చెప్పి కొంచెం ఎక్కువ పెట్టించు.

బిగించేటప్పుడు రెండు మాటలు. యూ బోల్టులు పాతవి వాడొద్దు, ఒకసారి సాగిన మరకు మళ్లీ పట్టు ఉండదు. కమాన్ పిన్నుల బోల్టులు చివరి బిగింపు బండి నేల మీద నిలబడ్డాకే చెయ్యాలి. జాకీ మీద ఉండగానే గట్టిగా బిగిస్తే రబ్బరు బుష్ మెలి తిరిగిన చోటే ఇరుక్కుంటుంది, బండి దించగానే చిరగడం మొదలవుతుంది. కొత్త బుష్‌లు మూడు నెలలకే పోయాయని బుష్ కంపెనీని తిట్టేవాళ్లలో సగం మందికి ఇదే కారణం.

వెనక బ్రేకు విషయం ఒకటి. హౌసింగ్‌కూ ఛాసిస్‌కూ మధ్య సన్నటి రాడ్డుతో ఒక వాల్వు ఉంటే చూడు. బరువు వేస్తే వెనక బ్రేకు పెంచడం, ఖాళీగా ఉంటే తగ్గించడం దాని పని. బండి లేపితే పాపం అది ఖాళీ బండి అనుకుంటుంది, వెనక బ్రేకు తగ్గిపోతుంది. ఆ రాడ్డును లిఫ్ట్‌కు తగ్గట్టు సర్దించాలి. లిఫ్ట్ చేశాక ముందు బ్రేకు ప్యాడ్లు తొందరగా అరుగుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ముందువైపు. టార్షన్ బార్ అంటే పొడవాటి ఇనుప కడ్డీ. ఒక కొస చక్రాన్ని పట్టుకునే చెయ్యికి (కంట్రోల్ ఆర్మ్), ఇంకో కొస ఛాసిస్ అడ్డబద్దెకు పట్టి ఉంటుంది. వెనక కొసలో సర్దుబాటు బోల్టు. అది బిగిస్తే ముందు లేస్తుంది, పైసా ఖర్చు లేదు, పదిహేను నిమిషాల పని. అందుకే ఎక్కువగా పాడుచేసుకునేది కూడా ఇదే. బోల్టు బిగిస్తే బార్ గట్టిపడుతుందని మెకానిక్‌లలో కూడా శానామంది నమ్ముతారు. బార్ గట్టితనం దాని మందం, పొడవు మీద ఉంటుంది, బోల్టు తిప్పితే మారేది కాదు. మరి బండి ఎందుకు బిర్రుగా అయిపోతుంది? చక్రం కిందకు దిగడానికి మిగిలిన జాగా నువ్వు తినేశావు కాబట్టి. లేపిన ప్రతి అంగుళమూ కిందకు దిగే ప్రయాణంలోంచి తీసిందే. స్పీడ్ బ్రేకరు దాటగానే చక్రం కిందకు దిగబోతే చెయ్యి పోయి ఆపుడు రబ్బరుకు టక్కున కొడుతుంది. గుంతల్లో చక్రం నేలను వదిలేస్తుంది. పట్టు కోసం లిఫ్ట్ చేసి పట్టు పోగొట్టుకోవడం అంటే ఇదే.

దామలచెరువు నుంచి రైతు ఒకాయన ఇలాగే వచ్చాడు. "అన్నా, బండి సింహం మాదిరి నిలబడాల" అని ఎక్కడో దారిలో బోల్టులు చివరిదాకా బిగించుకున్నాడు. ముందు దాదాపు మూడు అంగుళాలు లేచి ఉంది. చక్రం లోపలి వైపు రిమ్ముకు గుండ్రంగా గ్రీజు చారలు. అది చూడగానే తెలిసింది, యాక్సిల్ షాఫ్టు రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్ముతోందని. షాఫ్టు కోణం పెరిగి బూటు మడతలు ఒకదానికొకటి రాసుకున్నాయి. చిరిగినచోట దుమ్ము దూరి జాయింటు లోపల కర్రకర్రమంటోంది. టైర్లు లోపలి అంచున నున్నగా అరిగిపోయాయి. రెండు షాఫ్టులకూ కలిపి ఆయన పెట్టిన డబ్బుతో నాలుగు మంచి షాకప్‌లు వచ్చేవి. బోల్టులు దించి అంగుళం దగ్గర నిలిపాం. ఎత్తు పోయిందని ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ, టక్ టక్ పోయిందని ఇంటావిడ సంతోషించిందట.

అందుకని ముందు అంగుళం, అంగుళం పావు దగ్గర ఆగు. తర్వాత చక్రం గాల్లో వేలాడదీసి, చెయ్యికీ కింద ఆపుడు రబ్బరుకూ మధ్య ఎంత జాగా ఉంటుందో, బండి నేల మీద ఉన్నప్పుడు ఎంత ఉందో రెండూ చూడు. నేల మీద నిలబడి ఉండగానే వేలు దూరనంత దగ్గరగా ఉంటే ఎక్కువైనట్టు. ఏ మాత్రం తిప్పినా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, అదే రోజు. కారు షాపులో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటి సరిచేసి పంపిస్తారు. క్యాంబర్ (చక్రం నిలువు వాలు), క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వాలు) కూడా చూసి సర్దే చోటికి పో. హెడ్‌లైట్లు కూడా దించించు. బెంగళూరు హైవే మీద ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో కొట్టే బండ్లు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

షాకప్‌లు. 50 వేలలో ఎక్కువ వాటా దీనికే పెట్టమంటాను. ఎత్తు కంటికి కనిపిస్తుంది, షాకప్ కనిపించదు, అందుకని అందరూ చివరకు వదిలేస్తారు. అంగుళంన్నర లేపిన బండికి పాత పొడవు షాకప్‌లే ఉంచితే కమాను దిగాల్సినంత దిగదు, షాకప్ పూర్తిగా సాగి అదే గొలుసులా ఆపేస్తుంది. ఒకనాడు రాతిబాటలో చెవి తెగుతుంది. అసలు కొలతకన్నా అంగుళం పొడవుగా సాగేవి, ముడుచుకున్నప్పుడు మాత్రం మరీ పొడవు కానివి వెతుక్కో. డబ్బాలు పక్కన వేలాడే ఖరీదైనవి నీకు అక్కర్లేదు, అవి ఎడారుల్లో గంటల తరబడి వేగంగా తోలేవాళ్ల కోసం. మామూలు గ్యాస్ షాకప్ చాలు. ఆస్ట్రేలియా కిట్లు, ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటివి, నిజంగానే బాగుంటాయి. కమాను, షాకప్, బుష్‌లు ఒకదానికొకటి సరిపోయేలా చేసి అమ్ముతారు. 50 వేలకు అందవు. వాటికోసం ఏళ్లు ఆగి ఈలోపు కుంగిన కమాన్ల మీద తిరగడంలో అర్థం లేదు.

స్పేసర్ల గురించి అడిగావు. నీ థార్‌లో ముందు కాయిల్ స్ప్రింగే లేదు, వెనకా లేదు. స్పేసర్ పెట్టే చోటే లేదు. ఎవరైనా అమ్మజూపితే అది వేరే బండిది. బాడీ లిఫ్ట్ అంటే బాడీకీ ఛాసిస్‌కూ మధ్య దిమ్మెలు; పెద్ద టైరుకు జాగా ఇస్తుంది, క్లియరెన్స్ ఇవ్వదు, స్టీరింగ్ రాడ్డు దగ్గర్నుంచి గేరు లివరు దాకా సర్దుకోవాలి. వదిలెయ్.

ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్ల దగ్గర్నుంచి హౌసింగ్‌కు శక్తి చేర్చే గొట్టం) విషయం కూడా గుర్తుంచుకో. థార్ వీల్‌బేస్ 2430 మిల్లీమీటర్లే, వెనక షాఫ్టు పొట్టిది. పొట్టి షాఫ్టుకు కొంచెం లేపినా కోణం ఎక్కువ మారుతుంది. అంగుళంన్నర దాకా ఇబ్బంది రాదు. రెండు దాటితే 50, 60 వేగం దగ్గర సన్నటి వణుకు మొదలవుతుంది, దాని తర్వాత క్రాస్‌లు (షాఫ్టు కీళ్లు) పోతాయి, అప్పుడు కమాను కింద ఏటవాలు పట్టీలు పెట్టి హౌసింగ్ ముక్కు తిప్పాలి. 3 అంగుళాల లిఫ్ట్ ధర ఎవరు చెప్పినా ఈ ఖర్చులు అందులో ఉండవు.

టైర్ల దగ్గరికి వద్దాం. ఈ సైజు మంచి ఏటీ టైరు ఒక్కోటి పదివేల పైమాటే, ఐదు కలిపితే నీ బడ్జెట్ అక్కడే అయిపోతుంది. నాలుగే కొని స్టెప్నీ పాతది ఉంచుకోవచ్చు, ఒక షరతు మీద. పంచర్ అయితే ఆ చిన్న టైరు ముందు చక్రానికే వెయ్యి, టూ వీల్ డ్రైవ్‌లో నిదానంగా పంచర్ షాపు దాకా పో. వెనక పంచరైతే ముందుది తీసి వెనక వేసి, చిన్నది ముందుకు మార్చు. నీ బండి వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారితే రెండింటినీ కలిపి తిప్పేది) ఉన్న రకమైతే రెండు సైజులు దానికి పడవు. ఫోర్ వీల్‌లో అయితే అసలు వద్దు.

కొత్త టైర్లు వేశాక రాసుకుంటాయో లేదో తెలుసుకోవడానికి కొండలకు పోనక్కర్లేదు. టైరు భుజాలకు సున్నం పుయ్యి. ముందు ఒక చక్రాన్ని పెద్ద రాతి దిమ్మె మీదకు ఎక్కించు, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరదాకా తిప్పు, రెండో పక్కా అలాగే. దిగి టార్చి వేసి చూస్తే గార్డు లోపల, బంపరు మూలలో, బ్రేకు గొట్టం మీద ఎక్కడ తెల్లగా అంటుకుందో తెలుస్తుంది. బ్రేకు గొట్టం మీద సున్నం కనిపిస్తే ఆ రోజు బండి తియ్యొద్దు. చక్రం వేలాడినప్పుడు ఆ గొట్టం బిగుసుకుంటుందా అన్నదీ అప్పుడే చూసుకో.

గాలి కూడా సగం లిఫ్ట్ పని చేస్తుంది. రాళ్లు, ఇసుక వచ్చినచోట 18, 20 పీఎస్‌ఐకి దించితే టైరు పరుచుకుని పట్టుకుంటుంది, కుదుపు తగ్గుతుంది. చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కో, తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపడానికి. దించిన గాలితో హైవే ఎక్కితే టైరు కాలిపోతుంది.

వంక గురించి: ఎత్తు పెరిగిందని నీళ్లల్లో ధైర్యం పెరగకూడదు. 2021 నవంబరు వానలకు మన జిల్లాలో వంకలు ఎలా పొంగాయో చూసిన తర్వాత మోకాలు దాటిన పారే నీళ్లలో బండి పెట్టమని ఎవరికీ చెప్పను. నిలిచిన నీళ్లు అయినా సరే, హౌసింగ్ పైన చిన్న గాలి గొట్టం ఉంటుంది, దాన్ని రబ్బరు ట్యూబుతో పొడిగించి ఛాసిస్ మీదకు తీసుకుపో. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలికి నీళ్లు పీల్చుకుంటుంది, ఆయిల్ తెల్లబడిపోయి బేరింగులు పోతాయి. ఆ ట్యూబుకు అయ్యేది వందల్లోనే.

ఇది చదివే వేరే బండ్లవాళ్లకు రెండు ముక్కలు. 2020 తర్వాత వచ్చిన థార్ లెక్క వేరు, ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే, 226 మిల్లీమీటర్ల క్లియరెన్స్ కంపెనీ నుంచే వస్తుంది. ముందు షాకప్ నెత్తిన అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర ఒకటిన్నర, రెండు అంగుళాల దాకా లేస్తుంది, ఎందుకంటే షాకప్ చెయ్యి మధ్యలో పట్టి ఉంటుంది. డబ్బా మీద రాసిన అంకె చూసి మోసపోకండి. మారుతి జిమ్నీకి ముందూ వెనకా ఒకే యాక్సిల్, కాయిల్ స్ప్రింగ్. లేపితే యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది, అడ్డంగా ఉండే రాడ్డు సర్దుబాటుది వేసుకోవాలి, లేకపోతే ఒకవైపు టైరు బయటికి కనపడుతుంది, స్టీరింగ్ దారి తప్పుతుంది. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పికప్‌కు వెనక కమాన్లే, పైన వెనక కమాన్ల గురించి చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

చట్టం సంగతి దాచను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. కుంగిన కమాను సరిచేయడం మరమ్మతు అనొచ్చు, 3 అంగుళాలు, 33 టైర్లు, కోసిన బంపరు మరమ్మతు అని ఎవరికీ చెప్పలేవు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేదీ అదే. కాబట్టి మార్పు రాతపూర్వకంగా వాళ్లకు తెలియజెయ్.

గుట్టల దారులు అన్నావు కదా, తలకోన చుట్టూ శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు, పలమనేరు పక్క కౌండిన్య ఏనుగుల అడవి. అనుమతి లేకుండా లోపలికి బండి పోకూడదు. అందులోనూ ఎర్రచందనం అడవుల అంచున చీకటి పడ్డాక లేపిన జీపు కనిపిస్తే అటవీ సిబ్బంది నీ సస్పెన్షన్ గురించి అడగరు, వెనక ఏముందో అడుగుతారు. పట్టా పొలాలు, పాత క్వారీ బాటలు, తెలిసినవాళ్ల తోటలు, అనుమతి తీసుకుని, ఇవి చాలు ఆడుకోవడానికి.

ఎక్కడ చేయించాలి అంటే, మొత్తం పని ఒకే చోట చేయించకు. వెనక కమాన్లకు చిత్తూరులోనే లారీ కమాన్ మేస్త్రి దగ్గరికి పో, ఆఫ్ రోడ్ బోర్డు పెట్టుకున్న షాపు కన్నా వాళ్లే నయం. షాకప్‌లు ఆ పొడవువి ఇక్కడ దొరక్కపోతే చెన్నై, బెంగళూరు నుంచి తెప్పించుకో, పాతదాని సాగిన కొలత, ముడుచుకున్న కొలత, చెవుల రంధ్రాల సైజు రాసి పంపు. ముందువైపు తిప్పడం, అలైన్‌మెంట్ ఒకేచోట, ఒకే పూట. పని కోతలు అయిపోయాక, ఆగస్టు సెప్టెంబరులో పెట్టుకో, అప్పటికి క్రేట్ల బరువు ఉండదు, ఈశాన్య వానలకు ముందే కమాన్లు సర్దుకుంటాయి. బిగించిన తర్వాత 300, 500 కిలోమీటర్లు తిరిగి యూ బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించు, మళ్లీ నాలుగు మూలలా టేపు పెట్టు. ఆ అంకెలు, కమాను పక్కనుంచి తీసిన ఫోటో ఇక్కడ పెడితే ముందు ఇంకా ఎంత తిప్పాలో, తగ్గించాలో చెప్తా.